గడ్డి ట్రిమ్మర్ మరియు ఎడ్జర్

గడ్డి ట్రిమ్మర్ అనగా వేగంగా తిరిగే నైలాను తీగతో గడ్డిని, లేత కలుపు మొక్కలను కోసే చేతి యంత్రం. ఆంగ్లంలో దీనిని స్ట్రింగ్ ట్రిమ్మర్ అంటారు. ఎడ్జర్ అనగా పచ్చిక, కాలిబాట కలిసే చోట నేలలోకి నిలువుగా కోత పెట్టి, గడ్డి హద్దు దాటకుండా చేసే పనిముట్టు. ఇంటి ముందరి పచ్చికను సమంగా కోయడానికి లాన్ మోవర్ సరిపోతుంది. అయితే గోడల వారన, కంచె కింద, చెట్ల మొదళ్ళ చుట్టూ, మెట్ల పక్కన మిగిలిపోయే గడ్డి దానికి అందదు. ఆ మిగిలిన పని కొరకే ఈ రెండు పనిముట్లు ఏర్పడ్డాయి.

వీటిని ఎంచుకునేటప్పుడు పచ్చిక వైశాల్యం కంటే అంచుల పొడవు, యంత్రపు శక్తి కంటే దానిని మోసేవారి ఓపిక ముఖ్యమైనవి. అవసరానికి మించిన యంత్రం వలన ఖర్చు పెరగడమే కాక కంటికి, చెట్ల బెరడుకు ప్రమాదం కూడా పెరుగుతుంది.

పేర్లు

అమెరికాలో ఈ యంత్రాన్ని వీడ్ ఈటర్, వీడ్ వాకర్ అనే పేర్లతోనూ, బ్రిటనులో స్ట్రిమ్మర్ అనీ, ఆస్ట్రేలియాలో విప్పర్ స్నిప్పర్ అనీ పిలుస్తారు. తెలుగునాట వ్యవసాయ పనిముట్ల దుకాణాలలో ఎక్కువగా వినిపించే పేరు బ్రష్ కట్టర్. నిజానికి బ్రష్ కట్టర్ అనేది దీనికంటే బలమైన యంత్రం. దానికి నైలాను తీగ బదులు లోహపు బ్లేడును కూడా బిగించవచ్చు. పొలం గట్లు, తోటలు, పొదలు శుభ్రం చేయడానికి అది తగినది. ఇంటి పచ్చికకు అంత యంత్రం సాధారణంగా అవసరం లేదు.

చరిత్ర

గడ్డి కోసే మొదటి యంత్రానికి 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందాడు. ఉన్ని బట్టల మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రం నుండి ఆయనకు ఆ ఆలోచన కలిగింది. మోవర్లు వాడుకలోకి వచ్చిన తరువాత కూడా అంచుల వద్ద మిగిలిన గడ్డిని చాలాకాలం వరకు కత్తెరలతో, కొడవళ్ళతో చేతి పనిగానే తీసేవారు.

ఈ స్థితిని మార్చినవాడు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరవాసి జార్జ్ బల్లాస్. 1925లో జన్మించిన ఈయన వృత్తిరీత్యా నృత్య శిక్షణ సంస్థను నడిపినవాడు. 1971లో కార్లు కడిగే కేంద్రంలో తన కారు మీద గిరగిర తిరుగుతున్న నైలాను కుచ్చులను చూశాడు. అవి కారు రంగును గీయకుండానే ప్రతి మూలకూ చేరుతున్నాయి. చెట్టు బెరడును కోయకుండా మొదలు చుట్టూ ఉన్న గడ్డిని తీయడానికి ఈ పద్ధతి పనికిరాదా అని ఆలోచించి, ఒక ఖాళీ డబ్బాకు రంధ్రాలు చేసి, చేపలు పట్టే నైలాను దారాన్ని వాటిలో దూర్చి, ఆ డబ్బాను తిరిగే ఎడ్జర్‌కు బిగించాడు. అనగా తొలి ట్రిమ్మర్ ఒక ఎడ్జర్ నుండే పుట్టింది. వీడ్ ఈటర్ పేరుతో తాను స్థాపించిన సంస్థను బల్లాస్ 1977లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ సంస్థకు అమ్మివేశాడు. ఆయన 2011లో మరణించాడు.

తొలినాళ్ళ ట్రిమ్మర్లు కరెంటు తీగతోనో, పెట్రోలుతోనో నడిచేవి. లిథియం అయాన్ బ్యాటరీలు వ్యాపించిన తరువాత ఇళ్ళలో బ్యాటరీ యంత్రాల వాడకం పెరిగింది. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టాన్ని అనుసరించి, ఆ రాష్ట్రంలో 2024 మోడలు సంవత్సరం నుండి అమ్మే కొత్త చిన్న ఇంజన్లలో అధిక భాగం పొగ వెలువరించనివై ఉండాలి. అంతకు ముందు కొన్న యంత్రాలను వాడుకోవడానికి ఆటంకం లేదు.

పనిచేసే విధానం

జొన్న చేలలో పిట్టలను తోలే వడిసెలను గిరగిర తిప్పినప్పుడు దాని తాడు బిర్రుగా సాగి నిలుస్తుంది. ట్రిమ్మర్ తీగ పనిచేసేది కూడా అదే సూత్రం మీద. ఆగి ఉన్నప్పుడు మెత్తగా వేలాడే తీగ, వేగంగా తిరిగేటప్పుడు కర్రపుల్ల వలె నిటారుగా సాగుతుంది.

కొడవలితో కోసేటప్పుడు ఒక చేత్తో గడ్డిని పట్టుకుంటాము. ట్రిమ్మర్‌లో గడ్డిని పట్టి ఉంచేది ఏదీ లేదు. గడ్డిపరక పక్కకు వంగేలోపే తీగ దానిని తెంపాలి. అందువలన పదును కంటే వేగమే ప్రధానం. ఉదాహరణకు తీగ కొన కేంద్రం నుండి 15 సెం.మీ. దూరంలో ఉండి, నిమిషానికి 7000 చుట్లు తిరుగుతున్నదని అనుకుందాం. ఒక చుట్టులో కొన ప్రయాణించే దూరం సుమారు 94 సెం.మీ. సెకనుకు సుమారు 117 చుట్లు గనుక కొన వేగం సెకనుకు 110 మీటర్లు, అనగా గంటకు 395 కి.మీ. పైమాటే. దీని నుండి మూడు విషయాలు తెలుస్తాయి.

- కోత తీగ కొనతోనే చేయాలి. కేంద్రం వైపు పోయిన కొద్దీ వేగం తగ్గుతుంది గనుక అక్కడ గడ్డి తెగక చుట్టుకుంటుంది.
- తీగ పొడవు పెరిగితే మోటారుపై భారం పెరుగుతుంది. రక్షణ కవచం అంచున ఉండే చిన్న కత్తి అదనపు తీగను తెంపుతుంది. కవచం తీసివేస్తే ఆ ఏర్పాటు కూడా పోతుంది.
- తీగకు తగిలిన గులకరాయి ప్రమాదకరమైన వేగంతో ఎగిరిపడగలదు.

ట్రిమ్మర్, ఎడ్జర్ మధ్య భేదం

ట్రిమ్మర్ తీగ నేలకు సమాంతరంగా తిరిగి గడ్డి ఎత్తును తగ్గిస్తుంది. ఎడ్జర్ బ్లేడు నేలకు నిలువుగా తిరిగి మట్టిలోకి కొద్ది సెంటీమీటర్ల లోతున గాడి చేస్తుంది. ఈ గాడి అందం కొరకు మాత్రమే కాదు. గరిక వంటి గడ్డి జాతులు నేలపై పాకే కాండాలతోనూ, నేలలోపలి కొమ్ములతోనూ వ్యాపిస్తాయి. పైన ఎంత కోసినా అవి ఆగవు. నిలువు కోత ఆ పాకుడు కాండాలను తెంపి, పూలమడిలోకి, రాళ్ళ సందులలోకి పోనీయదు.

వినాయక చవితి పూజలో మనం వాడే గరిక, అమెరికా దక్షిణ రాష్ట్రాల పచ్చికలలో పెంచే బెర్ముడా గడ్డి ఒక జాతివే. అందుచేత టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువారికి తమ ఇంటి అంచున ఎదురయ్యేది ఇక్కడి పొలం గట్టు మీద పరిచయమైన గడ్డియే.

ఎడ్జర్లలో మూడు విధాలు ఉన్నాయి.

- చేతి ఎడ్జర్: పొడవాటి కర్రకు అర్ధచంద్రాకారపు రేకు ఉంటుంది. కాలితో నొక్కి కోత పెట్టాలి. తక్కువ పొడవు అంచులకు ఇది చాలు.
- కర్ర ఎడ్జర్: ట్రిమ్మర్ వలె పొడవాటి గొట్టం, చివర ఉక్కు బ్లేడు, ఆనుకోవడానికి చిన్న చక్రం ఉంటాయి.
- తోపుడు ఎడ్జర్: చక్రాల మీద నడిచే బరువైన యంత్రం. పొడవైన కాలిబాటలకు అనుకూలం.

వీటికి తోడు, తల భాగాన్ని 90 లేదా 180 డిగ్రీలు తిప్పి తీగను నిలువుగా నడిపే ట్రిమ్మర్లు కూడా దొరుకుతాయి. ఒకసారి ఉక్కు బ్లేడుతోగాని, అర్ధచంద్ర రేకుతోగాని గాడి ఏర్పడిన తరువాత దానిని నిలబెట్టుకోవడానికి ఇవి సరిపోతాయి. ఏళ్ళ తరబడి కాలిబాట మీదికి పాకిన గట్టి గడ్డిని తొలిసారి కోయడానికి నైలాను తీగ చాలదు.

శక్తిని బట్టి రకాలు

కరెంటు తీగ ట్రిమ్మర్ తేలికైనది, చవకైనది. తీగ చేరినంత మేర మాత్రమే పనిచేస్తుంది. ఆరుబయట వాడదగిన ఎక్స్‌టెన్షన్ తీగ ఉండాలి. లీకేజీని గుర్తించి విద్యుత్తును ఆపే ఆర్‌సిసిబి పరికరం ఉన్న ప్లగ్గు నుండి మాత్రమే దీనిని వాడాలి. తడి గడ్డిపై వాడరాదు.

బ్యాటరీ ట్రిమ్మర్ శబ్దం తక్కువగా చేస్తుంది, మీట నొక్కగానే తిరుగుతుంది. బరువు సాధారణంగా 3 నుండి 5 కిలోల మధ్య ఉంటుంది. ఒక విడత పనికి కాలపరిమితి ఉండడం, కొన్ని ఏళ్ళకు బ్యాటరీ మార్చవలసి రావడం దీని లోపాలు.

పెట్రోలు ట్రిమ్మర్ బలమైనది, ఎంతసేపైనా నడుస్తుంది. వీటిలో చాలావరకు 20 నుండి 30 సి.సి. సామర్థ్యం గల టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోలులో నూనెను కొలత ప్రకారం కలపాలి. 50:1 నిష్పత్తిలో అయితే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు, 40:1 అయితే 125 మిల్లీలీటర్లు. నూనె తగ్గితే ఇంజను పట్టుకుపోతుంది. పొగ, అదురు, శబ్దం, బరువు ఎక్కువ.

ఎంపిక

అంచుల కొలత: కొనేముందు టేపు పట్టి అంచులను కొలవడం మంచిది. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల పచ్చిక వైశాల్యం 80 చదరపు మీటర్లు, చుట్టుకొలత 36 మీటర్లు. 20 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల పచ్చికకు కూడా వైశాల్యం అంతే, కాని చుట్టుకొలత 48 మీటర్లు. మోవర్‌కు రెండింటిలోనూ పని సమానం. ట్రిమ్మర్‌కు రెండవ దానిలో మూడవ వంతు ఎక్కువ. చెట్లు, మధ్య బాటల అంచులను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి. మొత్తం 30, 40 మీటర్లకు మించకపోతే మంచి గడ్డి కత్తెర, అర్ధచంద్ర రేకు చాలు. యంత్రం లేకపోయినా లోటు ఉండదు. 100, 200 మీటర్ల వరకు చిన్న బ్యాటరీ యంత్రం తగినది. అంతకు మించి, గట్టి కలుపు కూడా ఉంటేనే పెట్రోలు యంత్రం గురించి ఆలోచించాలి.

బరువు, తూకం: పెట్టె మీద రాసిన బరువులో ఒక్కోసారి బ్యాటరీ చేరి ఉండదు. దుకాణంలో బ్యాటరీ బిగించిన యంత్రాన్నే చేతబట్టి, కొన్ని నిమిషాలు పనిచేసే భంగిమలో నిలబడి చూడాలి. ముందు పిడిని జరిపే వీలు, భుజానికి తగిలించే పట్టీ ఉంటే నడుముపై భారం తగ్గుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేటట్లయితే వారిలో పొట్టివారికి, బలహీనులకు సరిపడేది ఎంచుకోవాలి.

గొట్టం: వంపు గొట్టం యంత్రాలు పొట్టిగా, తేలికగా ఉండి పూలమడుల మధ్య సులువుగా తిరుగుతాయి. తిన్నని గొట్టం యంత్రాలు పొడవైనవారికి, కంచెల కింద పనికి అనుకూలం.

తీగ మందం: ఇంటి పచ్చికకు 1.6 నుండి 2 మి.మీ. మందం గల తీగ చాలు. ముదురు కలుపుకు 2.4 మి.మీ. వాడతారు. యంత్రానికి నిర్ణయించిన దానికంటే మందపు తీగ వేస్తే మోటారు వేడెక్కుతుంది. గుండ్రని తీగ ఎక్కువకాలం మన్నుతుంది. పలకల తీగ చురుకుగా కోస్తుంది కాని త్వరగా అరుగుతుంది.

తీగ అందించే విధానం: తలను నేలకు తట్టితే తీగ బయటకు వచ్చే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉన్నది. దానంతట అదే తీగ వదిలే యంత్రాలు సులువైనవి, కాని తీగ ఎక్కువ ఖర్చవుతుంది. ముక్కలుగా కోసిన తీగను గుచ్చే తలలు సరళమైనవి, కాని తరచు ఆగి ముక్కలు మార్చాలి.

బ్యాటరీ లెక్క: వోల్టులను మాత్రమే చూసి పోల్చరాదు. వోల్టులను ఆంపియర్ గంటలతో గుణిస్తే నిల్వ ఉన్న శక్తి వాట్ గంటలలో వస్తుంది. 18 వోల్టుల 4 ఆంపియర్ గంటల బ్యాటరీలోనూ, 36 వోల్టుల 2 ఆంపియర్ గంటల బ్యాటరీలోనూ ఉండేది 72 వాట్ గంటలే. 20 వోల్టులని రాసిన బ్యాటరీలు చాలావరకు 18 వోల్టులవే. వాటిలోని ఐదు ఘటాల సాధారణ పీడనం ఒక్కొక్కటి 3.6 వోల్టులు గాగా, నిండుగా చార్జి చేసిన వెంటనే ఉండే హెచ్చు విలువను పెట్టె మీద రాస్తారు. ఇంట్లో ఇప్పటికే ఏదైనా కంపెనీ బ్యాటరీ డ్రిల్లు ఉంటే, అదే బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్‌ను బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు.

విడిభాగాలు: తీగ చుట్టు, తల, కవచం దగ్గరి దుకాణంలో దొరుకుతాయో లేదో ముందుగా విచారించాలి. ఎంత మంచి యంత్రమైనా తల దొరకకపోతే మూలన పడుతుంది.

చెట్లకు కలిగే హాని

బల్లాస్ ఈ యంత్రాన్ని కనిపెట్టినది చెట్ల బెరడును కాపాడడానికి. అయినప్పటికీ నేడు పచ్చికలలోని లేత చెట్లకు తగిలే గాయాలలో ట్రిమ్మర్ గాయం ఒక ముఖ్యమైన కారణం. బెరడుకు ఆనుకొని ఉండే పోషక కణజాలం ఆకులలో తయారైన ఆహారాన్ని వేళ్ళకు చేరవేస్తుంది. దాని లోపల కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణావళి ఉంటుంది. తీగ వారం వారం ఒకే చోట తగిలి ఈ పొరలు చుట్టూ తెగిపోతే వేళ్ళకు ఆహారం అందక, ఒకటి రెండు ఏళ్ళలో చెట్టు ఎండిపోవచ్చు. నీళ్ళు చాలలేదనో, తెగులు పట్టిందనో యజమాని భావిస్తాడు గాని అసలు కారణం మొదట్లోనే ఉంటుంది.

కొబ్బరి, ఈత వంటి చెట్ల కాండంలో విభాజ్య కణావళి ఉండదు. అందువలన వాటికి తగిలిన గాయం పూడదు, శాశ్వతంగా మిగిలిపోతుంది.

దీనికి నివారణ సులభం. చెట్టు చుట్టూ అర మీటరు నుండి మీటరు వరకు గడ్డి లేకుండా చేసి, ఎండుటాకులు లేదా కొబ్బరిపీచు పరచాలి. ఈ పొర కాండానికి తగలకుండా కొద్దిగా ఎడంగా ఉండాలి. గడ్డి లేని చోట ట్రిమ్మర్‌తో పని ఉండదు.

భద్రత

- కళ్ళకు పక్కలనుండి కూడా కప్పే రక్షణ అద్దాలు తప్పనిసరి. మామూలు కళ్ళజోడు చాలదు. మొక్కల ముక్కలు తగిలి కార్నియాపై ఏర్పడే గీతలు శిలీంధ్ర పుండ్లకు దారితీయగలవు. మన దేశంలో పొలం పనులు చేసేవారి చూపు పోవడానికి ఇది ఒక తెలిసిన కారణం. కంట్లో ఏదైనా పడితే నలపకుండా, పసర్లు, ఆముదం, పాలు వంటివి వేయకుండా అదే రోజు కంటి వైద్యునికి చూపించాలి.
- కాళ్ళకు గట్టి బూట్లు, పొడవాటి ప్యాంటు ధరించాలి. చెప్పులతో, పంచె, చీర, చున్నీ వేలాడే విధంగా పనిచేయరాదు.
- ఇతరులను, ముఖ్యంగా పిల్లలను 15 మీటర్ల దూరంలో ఉంచాలి.
- పెట్రోలు యంత్రాల శబ్దం వాడేవారి చెవి వద్ద 90 డెసిబెల్లు దాటుతుంది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్లను రోజుకు 8 గంటలు, 94 డెసిబెల్లను 1 గంట మించి వినరాదు. చెవులకు రక్షణ అవసరం.
- నైలాను తీగ బదులు ఇనుప తీగను, గొలుసు ముక్కలను ఎన్నడూ వాడరాదు. తెగిన ముక్క తూటా వలె దూసుకుపోతుంది. బ్రిటనులో ఇటువంటి గొలుసు తల వలన ఒక ప్రాణం పోయిన తరువాత, 2012లో ఐరోపా కమిషన్ ఈ రకం తలల అమ్మకాన్ని నిషేధించాలని సభ్య దేశాలను ఆదేశించింది.
- పని మొదలు పెట్టేముందు రాళ్ళు, సీసా పెంకులు, తీగలు ఏరివేయాలి. ఎత్తు గడ్డిలో కప్పలు, పాములు ఉండవచ్చు గనుక ముందుగా పొడవాటి కర్రతో కదిలించి చూడాలి. ఎడ్జర్ వాడేముందు నేలలోని నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు ఎక్కడ ఉన్నవో తెలుసుకోవాలి.
- తీగ మార్చేటప్పుడు బ్యాటరీని లేదా ప్లగ్గును తప్పక తీసివేయాలి. ఇంజను యంత్రమైతే స్పార్క్ ప్లగ్గు తీగను విడదీయాలి.

నిర్వహణ

నైలాను తేమను పీల్చే గుణం కలది. ఎండిన తీగ పెళుసుగా మారి తరచు తెగుతుంది. అట్టి తీగను ఒక రాత్రి నీటిలో నానబెడితే మెత్తబడుతుంది. పని ముగిసిన తరువాత కవచం కింద పేరుకున్న పచ్చి గడ్డిని గీకివేయాలి. గేరు పెట్టె ఉన్న యంత్రాలకు కాలానుగుణంగా గ్రీజు పెట్టాలి. బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు.

పెట్రోలు యంత్రాన్ని నెల రోజులకు మించి వాడకుండా ఉంచవలసి వస్తే ట్యాంకు ఖాళీ చేయాలి. భారతదేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు వాటా 20 శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. చాలా టూ స్ట్రోక్ యంత్రాల వివరణ పుస్తకాలు 10 శాతం వరకే అనుమతిస్తాయి. కొనేముందు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

అరిగిన నైలాను ఎక్కడికీ పోదు, సన్నని ప్లాస్టిక్ రేణువులుగా మట్టిలో కలుస్తుంది. అవసరమైన చోట మాత్రమే ట్రిమ్మర్‌ను వాడడానికి ఇది మరొక కారణం. తెగిన పెద్ద ముక్కలను పశువులు తినకుండా ఏరివేయాలి.

ఇవి కూడా చూడండి

- గరిక
- లాన్ మోవర్
- కొడవలి
- టూ స్ట్రోక్ ఇంజను
- లిథియం అయాన్ బ్యాటరీ